మౌసు ఎవరి చేతిల ఉన్నది?

(వరంగల్ మట్టెవాడలో బస్తీ మీటింగులో చేసిన ప్రసంగం పాఠం)

 

ఇయ్యాల నేను భూమి గురించి మాట్లాడుత లేను. కూలిరేట్ల గురించి మాట్లాడుత లేను. కంప్యూటర్ గురించి మాట్లాడుతున్న. అది కూడా బడికి కంప్యూటర్లు కొనియ్యమనే ముచ్చట కాదు. హైస్కూల్ పిల్లలకు ప్రోగ్రామింగ్ వచ్చిందా రాలేదా అని చూసే పరీక్ష ముచ్చట. "మన వాడకట్టుల దీనితో ఏం పని?" అని కొందరు అనుకుంటున్నరు. పని ఉన్నది. మనకే ఎక్కువ పని ఉన్నది. ఎందుకో ముందుగాల చెప్తా.

ఒకప్పుడు మన ఊళ్లల్ల పట్వారి దస్త్రం ఉండేది. ఆయన రాసిందే రాత. భూమి దున్నేది మాదిగోడు, మాలోడు. పహాణీల ఎక్కేది దొర పేరు. దస్త్రంల ఏమున్నదో మనకు తెల్వదు, ఎందుకంటే మనకు చదువు రానియ్యలేదు. 1984-85ల పటేల్ పట్వారీ వ్యవస్థను సర్కారు రద్దు చేసింది. పట్వారి పోయిండు గాని దస్త్రం పోలేదు. అది ఇప్పుడు కంప్యూటర్ల ఉన్నది. 2020ల ధరణి వచ్చె, 2025ల భూభారతి వచ్చె. పేర్లు మారినయి. మన పేరు ఏ గడిల ఉండాల్నో, ఏ గడిల నుంచి తీసెయ్యాల్నో చెప్పే రాతనే ప్రోగ్రాం అంటరు.

రేషన్ కార్డుల సంగతి యాది చేసుకోండ్రి. తెలంగాణల కంప్యూటర్ లెక్కల ఆధారంగ దాదాపు 19 లక్షల కార్డులు రద్దయినయని కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్ల తనిఖీ చెయ్యాలని 2022 ఏప్రిల్‌ల కోర్టు చెప్పింది. గుడిసె కాడికి ఏ మనిషీ రాకముందే, ఈ ఇంటోళ్లకు బియ్యం వద్దని యంత్రం తేల్చింది. ఆ యంత్రానికి "ఇట్ల ఉంటే తీసెయ్యి, అట్ల ఉంటే ఉంచు" అని షరతు రాసిన మనిషి మనం ఎన్నడూ చూడనోడు. ఆ షరతును చదివి, "ఇక్కడ తప్పున్నది" అని చెప్పగలిగే మనిషి మన దిక్కు ఎంతమంది ఉన్నరు?

ఇంకొక గాయం చెప్తా. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చినయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాసిన పరీక్షలు. ఒక అమ్మాయికి తెలుగుల 99 మార్కులు వస్తే మెమోల సున్నా పడ్డది. దిద్దినోళ్లు ఫారం నింపుడుల తప్పు చేసిన్రు, ఆ తప్పును పట్టుకునే తనిఖీ ఎక్కడా లేకపాయె. ఆ రోజులల్ల ఇరవై మందికి పైగా పిల్లలు పానాలు తీసుకున్నరు. సర్కారు వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ, సాఫ్ట్‌వేర్ల లోపాలున్నయని, దాన్ని సక్కగ పరీక్షించకుండనే వాడకంల పెట్టిన్రని చెప్పింది. ఫెయిలైనోళ్ల పేపర్లు మళ్ల చూస్తే వెయ్యి మందికి పైగా పాసైన్రు. పిల్లలకు పరీక్ష పెట్టిన్రు, పిల్లలను లెక్కించే ప్రోగ్రాంకు పరీక్ష పెట్టలేదు. ఈ ముచ్చట మర్చిపోవద్దు. నా మాట అంతా దీని చుట్టే తిరుగుతది.

సర్టిఫికెట్ల చదువు

ఇప్పుడు అందరూ కోడింగ్ కోడింగ్ అంటున్నరు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్పాలన్నది. సి.బి.ఎస్.ఇ. బడులల్ల తొమ్మిది, పదిల కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకుంటే 50 మార్కులు రాతకు, 50 మార్కులు ప్రాక్టికల్‌కు. మన తెలంగాణ పదో తరగతి బోర్డు పరీక్షల్ల తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ ఉన్నయి. కంప్యూటర్ పేపర్ లేదు. 2025ల మన రాష్ట్ర విద్యాశాఖ సర్కారు బడులల్ల కోడింగ్ నేర్పేటందుకు ఒక స్వచ్ఛంద సంస్థతో ఒప్పందం కూడా చేసుకున్నది. మంచిదే. రేపు చదువు వస్తే ఎల్లుండి పరీక్ష వస్తది. అది ఎట్లాంటి పరీక్షనో తేలకముందే మనం నోరు తెరవాలె. వచ్చినంక ఏడిస్తే లాభం లేదు.

మా అక్క కొడుకు ఒక ప్రైవేట్ బడిల తొమ్మిది చదువుతడు. ఫీజుకు మా బావ అప్పు చేసిండు. పిల్లగాడు పైథాన్ సర్టిఫికెట్ తెచ్చి చూపించిండు, 92 మార్కులు. ఫోటో కట్టించి గోడకు తగిలిచ్చిన్రు. నేను కాగితం మీద నాలుగు లైన్లు రాసి, "ఇది నడిస్తే ఏమొస్తదిరా?" అని అడిగిన. పిల్లగాడు తల వంచుకున్నడు. "మామా, మాకు ఇట్ల అడగలే. లూప్ అంటే ఏమిటి అని అడిగిన్రు, ఇంగ్లీషుల బట్టీపట్టి రాసిన" అన్నడు. తప్పు వానిది కాదు. అప్పు మా బావది, 92 మార్కులు బడోళ్లయి, ఖాళీ చేతులు పిల్లగానియి.

దీన్ని చూసి మనోళ్ల పిల్లలకే తెలివి లేదని ఎవడన్న అంటే వానికి ఈ లెక్క చెప్పండ్రి. 2001ల కంప్యూటర్ సైన్సు పంతుళ్లు కొందరు కలిసి నాలుగు యూనివర్సిటీలల్ల 216 మంది విద్యార్థులకు చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయమని పరీక్ష పెట్టిన్రు. వాళ్లు అప్పటికే మొదటి కోర్సు చదివినోళ్లు. 110 మార్కులకు సగటున వచ్చినయి 23 కూడా లేవు. వాళ్లు వెలివాడ పిల్లలు కాదు. 2004ల ఇంకొక బృందం ఏడు దేశాలల్ల చూసింది. చాలమందికి సొంతంగ రాసుడు సంగతి అటుంచి, రాసి ఉన్న ప్రోగ్రాంను వరుసగ చదివి ఏమొస్తదో చెప్పుడే కష్టమైంది. అంటే ఏమైనట్టు? ఈ విద్య పుట్టుకతోటి వచ్చేది కాదు. మెట్టు మెట్టుగ నేర్పితే వస్తది, నేర్పకపోతే ఎవలకూ రాదు. "మెరిట్" అనే మాటను మన నెత్తిన కొట్టేటోళ్లకు ఇదే జవాబు.

ముందు బడికి పరీక్ష

అంబేద్కర్ బడి చదువుల ముచ్చట మీకు తెలుసు. బొంబాయిల ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్‌ల పంతులు ఆయనను లెక్క చెయ్యమని నల్లబల్ల కాడికి పిలిచిండు. బల్ల వెనుక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడుతయని మిగిలిన పిల్లలు ఉరికి తీసుకున్నరు. ఆ పిల్లగానికి లెక్క రాదని కాదు వాళ్ల భయం. బల్ల కాడికి వస్తుండనే భయం.

ఇప్పుడు కంప్యూటర్ గదిల డబ్బాలు లేవు. కానీ ఒక్కపారి పోయి చూడండ్రి. ఒక కంప్యూటర్ కాడ నలుగురైదుగురు పిల్లలు. మౌసు ఒక్కని చేతిల ఉంటది. ఆ ఒక్కడు ఎవడు? ఇంటి కాడ కంప్యూటర్ ఉన్నోడు, లేకపోతే సార్‌కు దగ్గరోడు. ఆడపిల్లలు వెనుక నిలబడి తొంగి చూస్తరు. మన పిల్ల ముట్టుకుంటే "పాడు చేస్తవ్, జరుగు" అంటరు. సంవత్సరం చివర అందరికీ ఒకటే పరీక్ష! ముట్టుకున్నోనికి, ముట్టుకోనోనికి ఒకటే గజం కట్టె!

ఇంటి కాడి సంగతి చూద్దాం. 2017-18ల కేంద్ర సర్కారు చేసిన నమూనా సర్వేల దేశం మొత్తం మీద పట్నం ఇండ్లల్ల 100కు 23 ఇండ్లకు కంప్యూటర్ ఉంటే, పల్లెలల్ల 100కు 4 ఇండ్లకే ఉన్నది. బడుల లెక్క చూస్తే 2023-24ల దేశంల నడిచే కంప్యూటర్ ఉన్న బడులు 57 శాతం. నడిచే కంప్యూటర్ అంటే ఒక్కటి ఉన్నా లెక్కనే. దాని మీద ఎంతమంది కూసున్నరో ఆ లెక్క చెప్పదు.

మిషన్లు ఇచ్చి చేతులు దులుపుకునుడు కూడా కొత్త కాదు. 1984ల కేంద్ర సర్కారు "క్లాస్" అనే పథకం పెట్టి, 248 బడులతో మొదలుపెట్టి బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2008ల ఉమ్మడి రాష్ట్రంల 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లు, నేర్పేటోళ్లు వచ్చిన్రు. కాంట్రాక్ట్ అయిదేండ్లు. 2013ల గడువు అయిపోయింది, నేర్పేటోళ్లు ఇంటికి పోయిన్రు. మిషన్లు చాల బడులల్ల దుమ్ము పట్టినయి. ఎంతమంది పిల్లలకు ఏమొచ్చిందని మన తల్లిదండ్రులకు ఎవలూ లెక్క చెప్పలేదు.

అందుకే నా మొదటి మాట: పిల్లకు పరీక్ష పెట్టేముందు బడికి పరీక్ష పెట్టాలె. అయిదే ప్రశ్నలు. నడిచే కంప్యూటర్లు ఎన్ని? వారానికి ఎన్ని పీరియడ్లు నిజంగ జరుగుతున్నయి? నేర్పే మనిషి ఉన్నడా, ఎవల ఉద్యోగం అది? తెలుగుల నేర్పుతున్నరా? ఒక్కొక్క పిల్ల చేతికి మౌసు ఎంతసేపు వస్తున్నది? ఈ అయిదింటికి జవాబులు బడి గోడ మీద రాయాలె. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. 2009 విద్యాహక్కు చట్టం ఇచ్చిన బడి యాజమాన్య కమిటీల మన తల్లులు కూసోవాలె, సంతకానికి కాదు, ప్రశ్న అడిగేటందుకు.

మంచి పరీక్ష ఎట్లుంటది

"విమర్శ సరే, నువ్వు ఎట్లాంటి పరీక్ష పెడ్తవ్?" అని అడుగుతరు. చెప్తా. దీనికి మొదటి దశల కంప్యూటర్ కూడా అక్కెర లేదు. న్యూజిలాండ్‌ల కంప్యూటర్ లేకుండనే ఆటలతోటి ఈ విద్య నేర్పే పద్ధతి 1990లల్లనే తయారు చేసిన్రు. లిథువేనియాల 2004ల మొదలైన బెబ్రాస్ పోటీ, ప్రోగ్రామింగ్ భాష రానోళ్లకు కూడా పొడుపుకథల లెక్క ప్రశ్నలు పెట్టి ఆలోచన ఎట్లున్నదో చూస్తది. ఇప్పుడది ఎన్నో దేశాలల్ల నడుస్తున్నది. మనం మన ఎనుమాముల మార్కెట్ నుంచి, ఐకేపీ సెంటర్ నుంచి ప్రశ్న తీద్దాం.

వడ్ల కాంటా కాడ తరుగు సంగతి మీకు నేను చెప్పాల్నా? అయిదు బస్తాలు అనుకోండ్రి. సంచి బరువు తీసేసినంక తూకాలు: 41, 40, 39, 42, 40 కిలోలు. కాంటాల ఉన్న ప్రోగ్రాం ఇట్లున్నది:

మొత్తం సున్నా అని పెట్టు.
ఒక్కొక్క బస్తాకు ఈ పని చెయ్యి:
తూకం 40 దాటితే 40 అని రాయి. దాటకపోతే ఉన్నంత రాయి.
రాసిందాన్ని మొత్తానికి కలుపు.
బస్తాలు అయిపోయినంక మొత్తం చెప్పు.

మొదటి ప్రశ్న: ఇది ఏం చెప్తది? పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క లైను చదువుకుంట పోవాలె. 40, 40, 39, 40, 40. మొత్తం 199. ఇది చెప్పగలిగితే ఆ పిల్లకు ప్రోగ్రాం చదువుడు వచ్చినట్టు.

రెండో ప్రశ్న: అసలు తూకం ఎంత? 202. మూడు కిలోలు ఎక్కడ పోయినయి? ఏ లైనుల పోయినయి? "40 దాటితే 40 అని రాయి" అనే లైనుల పోయినయి. తక్కువున్న బస్తాకు మాత్రం తక్కువే రాసిండు, గమనించిన్రా? ఆ లైను మార్చి న్యాయంగ రాయి అనాలె. ఇది మార్చుడు.

మూడో ప్రశ్న: "మొత్తం సున్నా అని పెట్టు" అనే లైనును ఎవడో కిందికి జరిపి, ఒక్కొక్క బస్తాకు చేసే పనులల్ల మొదట పెట్టిండు. ఇప్పుడేమైతది? ప్రతి బస్తాకూ మొత్తం మళ్ల సున్నా అయితది. చివరి బస్తా 40 ఒక్కటే మిగుల్తది. నాలుగు బస్తాలు మాయం! ఇది తప్పు పట్టుడు.

నాలుగో ప్రశ్న: క్వింటా ధర చెప్తే, రైతు చేతికి రావాల్సిన పైసలు లెక్కకట్టే మెట్లు సొంతంగ రాయి. 2024-25ల మామూలు రకం వడ్లకు మద్దతు ధర 2,300 రూపాయలు. 202 కిలోలకు 4,646 రావాలె. 199కి 4,577 వస్తయి. అయిదు బస్తాలకు 69 రూపాయలు కోత. ఇదే తీరున నూరు బస్తాలకు 1,380 రూపాయలు. ఇది రాసుడు.

చదువుడు, మార్చుడు, తప్పు పట్టుడు, రాసుడు. ఈ నాలుగు మెట్లు. ప్రతి మెట్టు కాడ "ఎందుకట్ల?" అని నోటితోటి అడగాలె, తెలుగుల అడగాలె. ఇంగ్లీషు స్పెల్లింగుకు మార్కు కొయ్యద్దు. కాగితం మీద అయినంక ఇదే పనిని స్క్రాచ్ లాంటి దాంట్లనో, పైథాన్‌లనో కంప్యూటర్ మీద చేపియ్యాలె. ఒక్కొక్క పిల్ల ఒంటరిగ కూసోవాలె, మౌసు తన చేతిల ఉండాలె. నడవకపోతే సరిదిద్దుకునేటందుకు టైమియ్యాలె. ఎందుకంటే మొదటిపారికే తప్పు లేకుండ రాసే మొనగాడు లోకంల లేడు. తప్పు వెతికి దిద్దుకునుడే ఈ విద్యల సగం పని.

ఫలితం 100కు ఇంత అని రాయొద్దు. "ఈ పిల్ల చదువుతది, మారుస్తది, తప్పు పట్టుడు ఇంకా నేర్పాలె" అని రాయాలె. 35 మార్కులొస్తే తల్లికి ఏం సమజైతది? నేర్పాల్సింది ఏమిటో రాస్తే రేపు పోయి సార్‌ను అడుగుతది. పిల్లల పేర్లు మార్కులు గోడకు అంటించి పరువు తియ్యొద్దు. బడి మొత్తం లెక్క మాత్రం గోడకు పెట్టాలె: ఎంతమంది పిల్లలు ఏ మెట్టు కాడ ఉన్నరు, ఆడపిల్లలు ఎంతమంది, మన కులాల పిల్లలు ఎంతమంది. పరువు పోతే బడిది పోవాలె, పిల్లది కాదు.

ఒక పెద్దాయన ప్రశ్న

మీటింగుకు ముందే ఒక పెద్దాయన నన్ను అడిగిండు: "బిడ్డా, మా మనుమనికి తెలుగే సక్కగ చదవస్తలేదు. నీ కోడింగ్ ఎవలికి?" న్యాయమైన ప్రశ్న. 2023 అసర్ సర్వేల 14 నుంచి 18 ఏండ్ల పిల్లలల్ల నాలుగో వంతు మందికి రెండో తరగతి పాఠం గడగడ చదవరాలేదు. భాగారం చేసింది సగం కంటే తక్కువ మంది. అదే సర్వేల సెల్‌ఫోన్ వాడరాని పిల్లలు చాల తక్కువ. అంటే ఫోను చేతికొచ్చింది, చదువు చేతికి రాలే. తాతా, నేను తెలుగును, లెక్కలను పక్కకు పెట్టమంట లేను. పైన చెప్పిన కాంటా ప్రశ్న చూడు. చదవకుండ ఎట్ల చేస్తడు? కూడకుండ ఎట్ల చేస్తడు? చదువుకు ఒక అక్కెర దొరుకుతది. అయితే ఒక షరతు. చదువురాని పిల్లకు ప్రశ్నను పంతులు చదివి వినిపియ్యాలె. అయినా చేసిందనుకో, "ఆలోచన ఉన్నది, చదువుడు నేర్పాలె" అని రాయాలె. "కంప్యూటర్‌కు పనికిరాదు" అని రాస్తే మాత్రం ఊకోవద్దు. ఏకలవ్యుని బొటనవేలు కత్తితోనే తియ్యాల్సిన పని లేదు. రిజిస్టర్ల ఒక్క ముక్క రాసినా పోతది.

ఇంకో ముచ్చట కూడ దాచుకోకుండ చెప్తున్న. కోడింగ్ వస్తే ప్రతి పిల్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తదని నేను చెప్త లేను. అట్ల చెప్పేటోడు ఫీజు కోసం చెప్తడు. ఇప్పుడు ప్రోగ్రాంలు రాసే యంత్రాలు కూడా వచ్చినయి. అడిగితే నిమిషంల రాసిస్తయి. మరి నేర్చుకునుడు ఎందుకంటే, రాసింది సరైందా కాదా అని చదివి చెప్పే మనిషి అక్కెర ఇంకా పెరిగింది. చదువుడు, తప్పు పట్టుడు అనే మెట్లను నేను ముందు పెట్టింది అందుకే.

మన వరంగల్‌లనే 1959ల రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిన్రు, ఇప్పుడది నిట్. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి కంప్యూటర్ చదువుతరు. మనోళ్లు కూడ రిజర్వేషన్ హక్కుతోటి అక్కడికి పోయిన్రు. ఆ చదివిన అన్నలను, అక్కలను ఒక్కటే అడుగుతున్న. నెలకు ఒక్క ఆదివారం మన వాడలకు రండ్రి. ఉపన్యాసం వద్దు. నాలుగు కాగితాలు, ఒక లాప్‌టాప్ తెండ్రి. ఈ నాలుగు మెట్ల పరీక్ష మన పిల్లలకు పెట్టి, ఏ మెట్టు కాడ ఆగిన్రో చూసి, అక్కడి నుంచి నేర్పుండ్రి.

కార్యకర్తలకు చివరగ మూడు పనులు చెప్తున్న. ఒకటి, ఈ నెలల మీ ఊరి హైస్కూల్‌కు పోయి ఆ అయిదు ప్రశ్నలకు జవాబులు రాసుకురండ్రి. రెండు, కోడింగ్ పరీక్ష పెట్టేటట్టయితే తెలుగుల, చేత్తో చేసి చూపే పద్ధతిల పెట్టాలని, బట్టీ ప్రశ్నలు వద్దని మండల విద్యాధికారికి దరఖాస్తు ఇయ్యండ్రి. మూడు, కంప్యూటర్ గదిల వంతులు కట్టిచ్చుండ్రి. ఆడపిల్ల వంతు, మన పిల్ల వంతు కాగితం మీద కాదు, కుర్చీ మీద కనబడాలె.

పట్వారి దస్త్రం చదవరాక మన తాతలు భూములు పోగొట్టుకున్నరు. మన పిల్లలు ఈ కొత్త దస్త్రం చదవాలె, తప్పుంటే వేలు పెట్టి చూపాలె, రేపు తామే రాయాలె. వాళ్లకు అది వచ్చిందా లేదా అని చూసే పరీక్ష వాళ్లను నెట్టేసే తలుపు కావద్దు, పైకెక్కే మెట్టు కావాలె.

జై భీమ్!